‘మనఃపూర్వకముగా’ అంటే ఏ మనసు?

సాహిత్య విమర్శ రాద్దామని కూర్చుని ఒక దస్తావేజుతో మొదలుపెట్టాల్సి వస్తోంది. 2010 వేసవిలో మా ఊరికి దగ్గర్లో ఉన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నేనొక హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేశాను. నాలుగున్నర ఎకరాల పిత్రార్జితం మాగాణిలో నాకు రావలసిన వాటాని తమ్ముడికి వదిలేస్తున్నానని దాని సారాంశం. అప్పటికి నేను ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఓల్గా ‘స్వేచ్ఛ’ మీద రెండు వ్యాసాలు రాసి ఉన్నాను. స్త్రీలూ ఆస్తిహక్కూ అన్న అంశం మీద ఒక సదస్సులో గట్టిగా మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. అదే మనిషిని. అదే సంతకం.

రిజిస్ట్రారు ముందుకి వెళ్ళేముందు డాక్యుమెంట్ రైటరు ఆ కాగితాన్ని గడగడా చదివి వినిపించాడు. ‘నా మనఃపూర్వకముగాను, స్థిరచిత్తముతోను, ఎవరి ప్రోద్బలముగాని బలవంతముగాని లేకుండాను...’ అంటూ సాగింది. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది ఆడవాళ్ళ చేత ఆ వాక్యం కిందే సంతకాలు పెట్టించి ఉంటాడు, ఎక్కడా తడుముకోలేదు. నేను తెలుగు టీచర్ని కాబట్టి నా చెవి ‘స్థిరచిత్తము’ దగ్గర ఆగింది. ఆ ఉదయం బస్సు ఎక్కిన దగ్గర్నుంచీ నా చిత్తం ఒక్క నిమిషం స్థిరంగా లేదు. ‘వాటా అడుగు’ అంటోందొకటి. ‘నాన్న పోయి ఏడాది కాలేదు, సిగ్గులేదా’ అంటోంది మరొకటి. ‘అమ్మ వాడి దగ్గరే ఉండాలి కదా’ అని లెక్కలు వేస్తోంది ఇంకొకటి. వీటన్నిటినీ దూరంగా నిలబడి చూస్తూ ‘ఇది మంచి కథ అవుతుంది’ అనుకుంటున్నది కూడా ఒకటుంది. దానంటే నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఆ కాగితంలో కర్త ఎవరో చూడండి. ‘నేను వదులుకొనుచున్నాను.’ మామూలుగా మనం మన మనసు గురించి అలా మాట్లాడం. నాకు కోపం వచ్చింది అంటాం, నాకు జాలేసింది అంటాం, నాకలా అనిపించింది అంటాం. కోపమూ జాలీ ఎక్కడినుంచో వస్తాయి, మనం వాటిని అందుకునే చోట ఉంటాం. ‘ఎందుకు సంతకం పెట్టావే’ అని ఎవరైనా అడిగితే ‘పోనీలే అనిపించింది’ అని చెప్పేదాన్నే తప్ప ‘నేను నిర్ణయించుకున్నాను’ అని నా నోటివెంట వచ్చేది కాదు. చట్టానికి మాత్రం ‘అనిపించడం’ పనికిరాదు. నిర్ణయించిన ఒక్క మనిషి, ఆ మనిషిలో ఒక్క మనసు కావాలి దానికి.

మనసు ఒకటి కాదు, పలు భాగాల పోట్లాట అన్న మాట కొత్తదేం కాదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథం చేసింది, ఇంద్రియాల్ని గుర్రాలు చేసింది, మనసుని కళ్ళాలు చేసింది. బుద్ధి సారథి, ఆత్మ రథంలో కూర్చున్న స్వామి. అక్కడెక్కడో గ్రీసులో ప్లేటో కూడా ‘ఫీడ్రస్’ సంభాషణలో ఇలాంటి రథాన్నే కట్టాడు, రెండు గుర్రాలతో. ఒకటి మాట వినే గుర్రం, ఒకటి పెడసరపు గుర్రం. 1923లో ఫ్రాయిడ్ రథాన్ని తీసేసి గుర్రాన్నీ రౌతునీ ఉంచాడు. ఆయనలో ఉన్న నిజాయితీ ఏమిటంటే, చాలాసార్లు గుర్రం పోదలచుకున్న చోటికే రౌతు దాన్ని తోలుకు పోవాల్సివస్తుందని ఒప్పుకున్నాడు.

ఈ బొమ్మలన్నిటినీ నేను చాలా ఏళ్ళు క్లాసులో ఇష్టంగానే చెప్పాను. తర్వాత్తర్వాత ఒక సందేహం పట్టుకుంది. ఇందులో ఎప్పుడూ ఒక యజమానీ ఒక పశువూ ఉంటారు. మంచి నిర్ణయమంటే యజమాని గెలవడం, చెడు నిర్ణయమంటే పశువు గెలవడం. ఇది మనసు బొమ్మా, ఇంటి బొమ్మా? బుద్ధిని మగవాడికీ ఆవేశాన్ని ఆడదానికీ పంచిపెట్టిన సమాజంలో ఈ రథం మన లోపలికి వచ్చేసరికి ఏమవుతుంది? నాలో వాటా కావాలన్న భాగాన్ని నేను ‘దురాశ’ అన్నాను, అంటే గుర్రం. వద్దన్న భాగాన్ని ‘వివేకం’ అన్నాను, అంటే సారథి. నిజానికి ఆ రెండింటిలో చట్టం చదివిందీ, లెక్క తెలిసిందీ, న్యాయం మాట్లాడిందీ మొదటిది. రెండోది భయపడుతోంది, అంతే. కానీ భయం పెద్దమనిషి గొంతుతో మాట్లాడింది కాబట్టి దానికే కళ్ళాలు ఇచ్చాను.

ఫ్రాయిడ్ 1925లో రాసిన ఒక వ్యాసంలో ఇంకో మాట కూడా అన్నాడు. స్త్రీల అంతరాత్మ మగవాళ్ళ అంతరాత్మ అంత నిష్కర్షగా, అంత నిర్మమంగా ఉండదనీ, వాళ్ళ తీర్పుల్లో ఇష్టాయిష్టాలు కలిసిపోతాయనీ. ఆ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బల్ల మీద నా అంతరాత్మ ఎంత నిష్కర్షగా ఉందో ఆయన చూసి ఉండాల్సింది. అది నన్ను పది నిమిషాల్లో దోషిగా తేల్చింది.

*

మన నవలా విమర్శలో ఈ విషయం ఎలా నడిచిందో చూద్దాం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ రెండూ 1940ల నాటివి. సీతారామారావు, దయానిధి ఇద్దరూ తమలో తాము చీలిపోయిన మనుషులే. అనుకున్నది చెయ్యలేరు, చేసినదాన్ని సమర్థించుకోలేరు. విమర్శకులు దీన్ని అంతస్సంఘర్షణ అన్నారు, మనోవైజ్ఞానిక నవల అన్నారు, అస్తిత్వ వేదన అన్నారు. నేను కాదనను, రెండూ నాకిష్టమైన నవలలే. దయానిధి ఎటూ తేల్చుకోలేకపోవడం గురించి పరిశోధనా గ్రంథాలే వచ్చాయి. మరి కోమలి, అమృతం తమలో తాము ఏం తేల్చుకున్నారో, తేల్చుకోలేకపోయారో? దయానిధి ఊహ పోయినంత మేరకే మనకు తెలుస్తుంది. మగవాడు ఎటూ తేల్చుకోకపోతే తత్త్వం, ఆడది తేల్చుకోకపోతే చపలత్వం. ‘ఊగిసలాట’ అన్న మాటని మన విమర్శలో ఎవరి గురించి వాడారో ఎవరైనా పరిశోధక విద్యార్థి లెక్కతీస్తే బాగుంటుంది.

చలం ‘మైదానం’ (1927) దీనికి భిన్నంగా కనిపిస్తుంది. రాజేశ్వరి తానే చెబుతుంది తన కథ. ఒక కోరిక వచ్చింది, వెళ్ళింది. వకీలు భార్యగా ఉన్న రాజేశ్వరికి అమీర్‌తో వెళ్ళిన రాజేశ్వరితో పెద్దగా పేచీ ఉన్నట్టు చలం చూపించడు. ఆ ధైర్యం మనల్ని ఎంత ఊపేసిందో మన తరం ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ ఇవాళ చదివితే ఆ వెళ్ళడం కన్నా అమీర్‌కీ మీరాకీ మధ్య ఆమె మనసు పంచుకున్న పేజీలే నాకు ఎక్కువ నిజంగా కనిపిస్తాయి. చలం స్త్రీకి ఒకే మనసు ఇచ్చి గౌరవించాననుకున్నాడేమో. రాజేశ్వరి ఆయన మాట వినలేదు.

‘స్వేచ్ఛ’ (1987) పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘మేడమ్, ప్రకాశం కొట్టలేదు, తాగలేదు, ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. అరుణ ఎందుకు వెళ్ళిపోయింది?’ నేను పితృస్వామ్యం గురించీ, కనిపించని అణచివేత గురించీ చెప్పేదాన్ని. చెప్పింది తప్పు కాదు. కానీ ఆ ప్రశ్నలో ఉన్న అసలు పట్టు నేను గమనించలేదు. వెళ్ళిపోవడానికి ఆడది కారణం చూపించాలి. ఉండిపోవడానికి ఎవరూ కారణం అడగరు. సంతకం పెట్టినందుకు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పెట్టకపోయి ఉంటే జవాబు చెప్పుకోవలసిన వాళ్ళు కనీసం ముప్ఫై మంది ఉన్నారు.

జవాబుల సంగతి వచ్చింది కాబట్టి మైకేల్ గజానిగా ప్రయోగం ఒకటి చెబుతాను. మూర్ఛరోగం తగ్గించడానికి మెదడు రెండు అర్ధగోళాల్నీ కలిపే నాడీబంధాన్ని కత్తిరించిన రోగుల మీద రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు గజానిగా చాలాకాలం పనిచేశారు. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగం 1970లలోది. అలాంటి ఒక రోగి ఎడమ మెదడుకి కోడికాలు బొమ్మా, కుడి మెదడుకి మంచు కప్పిన ఇంటి బొమ్మా చూపించారు. ఎదురుగా ఉన్న బొమ్మల్లోంచి సరిపోయేవి తియ్యమంటే కుడిచెయ్యి కోడిని చూపించింది, ఎడమచెయ్యి మంచు ఎత్తే పారని చూపించింది. పార ఎందుకయ్యా అని అడిగితే, మాట్లాడగలిగిన ఎడమ మెదడుకి మంచు సంగతి తెలియనే తెలియదు. అయినా అది తడబడలేదు. కోళ్ళగూడు శుభ్రం చెయ్యడానికి పార కావాలి కదా అంది! అబద్ధం చెబుతున్నానన్న స్పృహ ఆ మనిషికి లేదు. మనలో చేసేది ఒకటీ, చేసినదానికి కారణం అల్లేది ఒకటీ అని గజానిగా వాదం. ఆ అల్లేదానికి ఆయన ‘వ్యాఖ్యాత’ అని పేరు పెట్టాడు.

మామూలు మెదడుని అలా కత్తిరించి చూడలేం కాబట్టి ఈ ప్రయోగం నుంచి మరీ ఎక్కువ పిండకూడదు. అయినా ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ నా వ్యాఖ్యాత చేసిన పని నాకు గుర్తుంది. ‘తమ్ముడికి అప్పులున్నాయి’ అంది. ‘నాకు పెన్షనుంది’ అంది. ‘పొలం ఎవరు చూస్తారు, నేనా?’ అంది. అన్నీ నిజాలే. కానీ తమ్ముడికి అప్పులు లేకపోయినా, నాకు పెన్షను లేకపోయినా నేను సంతకం పెట్టేదాన్నే. కోళ్ళగూడు కూడా నిజమే, పార కూడా నిజమే.

*

ఇక ఆ చట్టం సంగతి. నా పెళ్ళి 1984లో అయింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు వచ్చింది. ఎన్.టి.ఆర్. ప్రభుత్వం 1956 హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన రాష్ట్ర సవరణ అది. దేశంలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం మనదే. కానీ అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. మా చెల్లెలి పెళ్ళి 1988లో అయింది కాబట్టి దానికి హక్కు ఉంది, నాకు లేదు. ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె మూడుముళ్ళ తేదీని బట్టి వారసురాలు, ఒకతె కాదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చి ఆ తేడా తీసేసింది. నాన్న 2009లో పోయారు. ఆ చట్టం గురించిన చిక్కుల్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసు తీర్పులో సుప్రీంకోర్టు తీర్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది.

నా మనసు ఈ చట్టాల వెంట ఎలా నడిచిందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. 1985 నుంచి 2005 దాకా ఇరవై ఏళ్ళలో ఆ పొలం నాకు కావాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. దాన్ని నేను నా సంస్కారం అనుకున్నాను. చెల్లెలికి హక్కుందని తెలిసినప్పుడు ‘అయినా పుట్టింటి ఆస్తి ఎవరిక్కావాలి’ అన్నాను. అందని ద్రాక్ష పుల్లన అని చిన్నపిల్లలకి చెబుతాం కదా, యాన్ ఎల్‌స్టర్ అనే తత్త్వవేత్త 1983లో ఆ నక్క మీదే ఒక పుస్తకం రాశాడు. అందనిదాన్ని వద్దనుకునేలా మన కోరికలే మనకి తెలియకుండా సర్దుకుంటాయంటాడు. మార్తా నస్‌బామ్ తన 2000 నాటి పుస్తకంలో ఈ సంగతి చర్చిస్తూ మన మహబూబ్‌నగర్ దగ్గరి గ్రామాల ఆడవాళ్ళ గురించి రాసింది. తిండి చాలకా, మంచినీళ్ళు లేకా ఉన్నా, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం వచ్చేదాకా వాళ్ళలో ఆ స్థితి మీద కోపం కనబడలేదని ఆమె గమనించింది. ఈ పరిశీలన మీద నాకు కొంచెం అనుమానముంది. బయటినుంచి వచ్చిన మనిషితో చెప్పని కోపం లేని కోపమేనా? మహబూబ్‌నగర్ ఆడవాళ్ళు నీళ్ళ బిందె దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఎవరు రికార్డు చేశారు?

ఇక్కడే బీనా అగర్వాల్ మనకి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. కుటుంబంలో సంఘర్షణ గురించి 1990లో రాసిన వ్యాసంలో అమర్త్యసేన్, సంప్రదాయ సమాజాల్లో స్త్రీకి తన సంక్షేమం వేరు, కుటుంబ సంక్షేమం వేరు అన్న ఎరుక తక్కువగా ఉండొచ్చన్నాడు. బీనా అగర్వాల్ తన 1994 నాటి పెద్ద గ్రంథంలో, దక్షిణాసియాలో ఆడవాళ్ళు అన్నదమ్ములకి వాటా వదిలెయ్యడాన్ని వివరంగా చర్చిస్తూ దీంతో విభేదించింది. వాళ్ళకి తమ మేలు తెలియక కాదు, తెలిసే చేస్తున్నారంటుంది. భర్త వదిలేస్తేనో, చనిపోతేనో తిరిగి రావడానికి ఒక గుమ్మం కావాలి. ఆ గుమ్మానికి పొలం ధర. శ్రీమతి బసు ఢిల్లీ ఆడవాళ్ళతో మాట్లాడి 1999లో ప్రచురించిన పుస్తకంలోనూ ఇదే కనిపిస్తుంది. వాటా అడిగిన ఆడపిల్లని ‘హక్కులు పట్టుకుపోవడానికి వచ్చింది’ అని చూస్తారన్న భయం అందరిలోనూ ఉంది.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో పేరు మర్చిపోయిన ఇల్లాలు ఆ పేరు వెతుక్కుంటూ పుట్టింటికే వెళ్తుంది. పుట్టిల్లంటే ఆడదానికి పండక్కి వెళ్ళే చోటు మాత్రమే కాదు. ఆమె ఇంకొకరి భార్యా తల్లీ కాకముందు ఎవరో ఒకరుగా ఉండిందనడానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం. ఆ సాక్ష్యం పోతుందేమోనన్న భయాన్ని ‘అబద్ధపు చైతన్యం’ అని కొట్టిపారెయ్యడం మనలాంటి చదువుకున్నవాళ్ళు చేసే తప్పు. (సత్యవతిగారి కథలో ఆమెకి పేరు గుర్తుచేసేది ఒక స్నేహితురాలు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా బోధపడింది.)

అయితే నాకు ఒక పేచీ ఉంది బీనా అగర్వాల్‌తో. ఆమె చెప్పిన లెక్క ప్రకారం నా భయానికి ఆధారం ఉండాలి. నాకు ఉద్యోగముంది, సొంత ఇల్లుంది, నా భర్త నన్ను వదిలెయ్యలేదు. గుమ్మం అవసరం లేని ఆడది కూడా గుమ్మానికి ధర ఎందుకు కట్టింది? అవసరం తీరిపోయాక కూడా మనసులో ఆ భాగం ఉద్యోగం మానదు. అది మా అమ్మమ్మ కాలం నాటిది. ఆమె ఇరవై రెండేళ్ళకి ముండమోసి నెత్తిన ట్రంకు పెట్టెతో అన్నగారి గుమ్మంలోకి వచ్చింది. ఆ అన్న ఆ పెట్టెని దించుకున్నాడు. ఆ కథ మా ఇంట్లో వందసార్లు చెప్పేవారు. ఆ పెట్టె దించుకోవడమే మా అందరి మనసులోనూ సారథి.

మనవాళ్ళు ఇంకో చిత్రమైన మాట అంటారు. ఆడపిల్ల కంటతడి ఇంటికి మంచిది కాదని. ఆడపడుచు ఉసురు తగులుతుందని భయపడతారు, చీరా సారే పెడతారు, పసుపుకుంకుమలంటారు. కన్నీటికి అంత శక్తి ఉందని నమ్మే ఇంట్లో సంతకానికి ఏ శక్తీ లేదు, అది వదులుకోవడానికైతే తప్ప.

*

స్వార్థం అన్న మాట గురించి కూడా చెప్పాలి. కెరొల్ గిలిగన్ 1982లో రాసిన పుస్తకంలో, గర్భస్రావం చేయించుకోవాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్న 29 మంది స్త్రీలతో మాట్లాడింది. వాళ్ళ మాటల్లో మాటిమాటికీ వచ్చినవి స్వార్థం, బాధ్యత. ఇతరుల బాగు చూడటమే మంచితనమని నేర్చుకున్న ఆడవాళ్ళు ఆ బాగోగుల జాబితాలోంచి తమని తాము కొట్టేసుకుంటారనీ, తననీ అందులో చేర్చుకోవడం స్వార్థం కాదని గ్రహించడమే ఎదుగుదల అనీ ఆమె అంటుంది. సంబంధాల్ని పట్టుకుని ఆలోచించడం స్త్రీల గొంతు అన్నందుకు ఆమెని చాలామంది స్త్రీవాదులే తప్పుపట్టారు. కేథరిన్ మెకినన్ లాంటివాళ్ళు, అణచివేత కింద మాట్లాడిన గొంతుని స్త్రీ గొంతు అని ఎలా అంటామని అడిగారు. నాకు ఇద్దరూ కావాలి. తమ్ముడంటే నాకున్న ఇష్టం అణచివేత వల్ల పుట్టింది కాదు. వాణ్ణి చంకనేసుకుని పెంచాను. కానీ ఆ ఇష్టం రుజువు చేసుకోవలసిన చోటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎలా అయిందన్నదే ప్రశ్న. వాడి ఇష్టానికి అక్కడ ఏ పరీక్షా పెట్టలేదు.

చెల్లెలు సంతకం పెట్టలేదు. ఆ రోజు వచ్చింది, కాగితం ఆసాంతం చదివింది, పెన్ను తిరిగి ఇచ్చేసింది. గొడవ చెయ్యలేదు. ‘నా వాటా నాకుండనీరా, కౌలు నువ్వే చేసుకో’ అంది తమ్ముడితో. వాడు మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? తమ్ముడి మీద కాదు, చెల్లెలి మీద. ఆస్తికోసం రక్తసంబంధం తెంచుకుందన్నాను. ఆ మాట ఎవరు మాట్లాడారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే, స్త్రీవాద సాహిత్యం పాఠం చెప్పే నా నోటితో. మూడేళ్ళు దానితో సరిగా మాట్లాడలేదు. ఆ కోపం ఎంత కాలమైనా చల్లారకపోతే అప్పుడు అనుమానం వచ్చింది. న్యాయమైన కోపం అంత కాలం ఉండదు. నాలో వాటా కావాలన్న భాగానికి నేను నోరు కట్టేశాను కదా, అది చెల్లెల్ని తిట్టే నోటిలోంచి మాట్లాడుతోంది.

ఒకసారి అదే అడిగింది. ‘అక్కా, నీకు తమ్ముడు కావాలి. నాకు మటుకు వద్దా? కాకపోతే మనం వాడికి కావాలో వద్దో తెలుసుకోవాలనిపించింది నాకు.’

ఓల్గా ‘విముక్త’ కథల్ని ఆ తర్వాతే మళ్ళీ చదివాను. ఊర్మిళ కథ దగ్గర ఆగిపోయాను. మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధం. పధ్నాలుగేళ్ళు నిద్రపోతుంది, లక్ష్మణుడు వచ్చి లేపితే పరాయి మగవాడనుకుని చీవాట్లు పెడుతుంది. పాట కట్టిన ఆడవాళ్ళు కోపాన్ని నిద్రలో దాచి, ‘గుర్తుపట్టలేదు’ అన్న మిషతో బయటికి తీశారని నాకనిపిస్తుంది. చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయిన మొగుణ్ణి మొహం మీదే తిట్టడానికి అంతకన్నా మంచి ఉపాయం ఏముంది! ఓల్గా ఊర్మిళ నిద్రపోదు. తలుపు వేసుకుని కూర్చుంటుంది. మొదట ఆమెకున్నది కోపం. తర్వాత ఆ కోపాన్నీ, దుఃఖాన్నీ, ప్రేమనీ విడివిడిగా చూడటం మొదలుపెడుతుంది. ఒకరి మీద ఒకరికి ఉండే అధికారం గురించి ఆలోచిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఈ కథ నాకు మరీ తాత్త్వికంగా, కొంచెం పొడిగా అనిపించింది. సీతకి చెప్పే మాటలు ఉపన్యాసంలా ఉన్నాయనుకున్నాను. కథగా ఆ అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా మారలేదు.

కానీ ఆ తలుపు వేసుకోవడం మాత్రం వేరుగా కనిపించింది ఈసారి. అక్కడ రథం లేదు, సారథి లేడు. కోపాన్ని గుర్రం చేసి కళ్ళెం వెయ్యలేదు ఆమె. ప్రేమకి పెద్దరికం ఇవ్వలేదు. అన్నిటినీ ఒక గదిలో కూర్చోబెట్టి వాటి మాట విన్నది, ఎంతకాలం పడితే అంతకాలం. నాకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పది నిమిషాలు దొరికాయి. బయట కారు వెయిటింగులో ఉంది. అమ్మ భోజనాల వేళ అవుతోందని కబురు పంపింది. నిర్ణయం ఎవరు చేశారని లోపల వెతుకుతూ కూర్చుంటాం గానీ, ఎంత టైమిచ్చారన్నది కూడా నిర్ణయమే. ఆ టైము పెట్టింది ఎవరు? ముహూర్తం చూసింది ఎవరు? కాగితం ముందే టైపు చేయించి ఉంచింది ఎవరు? మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో రౌతూ గుర్రమూ ఉంటాయి గానీ దారి వేసినవాడు ఉండడు.

అందుకని నా స్నేహితురాళ్ళతో, ముఖ్యంగా ఇలాంటి కాగితాల ముందు కూర్చోబోయే పిల్లలతో నేనిప్పుడు ‘సంతకం పెట్టకండి’ అని చెప్పడం లేదు. ఆ రోజు పెట్టకండి అంటున్నాను. కాగితం ఇంటికి తెచ్చుకోండి. నెల రోజులు పెట్టుకోండి. ఆ నెలలో మీకు ఎవరి మీద కోపం వస్తోందో చూసుకోండి.

తమ్ముడు ప్రతి సంక్రాంతికీ వస్తాడు, చీర తెస్తాడు. మంచి చీరలే తెస్తాడు. చెల్లెలితో మొన్నమొన్నటిదాకా మాట లేదు, అమ్మ పోయినప్పుడు కలిశారు. చెల్లెలి వాటా పొలం ఇప్పుడు వేరే ఎవరో కౌలుకి చేస్తున్నారు. కౌలుకింద వచ్చిన బియ్యంలో ఒక బస్తా ఏటా మా ఇంటికి పంపిస్తుంది. మొదటి రెండేళ్ళూ ఆ బస్తా విప్పకుండా పనమ్మాయికి ఇచ్చేశాను. ఇప్పుడు వండుకుంటున్నాం.

ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, ‘రాసుకో గానీ నేనేదో ధైర్యవంతురాల్నని మాత్రం రాయకు. ఆ రాత్రి రిక్షా మాట్లాడుకుని మళ్ళీ ఆ డాక్యుమెంట్ రైటరు ఇంటికి వెళ్ళాను, పెట్టేస్తానని చెబుదామని. తాళం వేసి ఉంది.’